ఇంజను నియంత్రికలలో ఫ్లైబ్యాక్ రక్షణ

ఇంజెక్టర్లు, రిలేలు, సోలనాయిడ్లు మొదలైన తీగచుట్టలకు విద్యుత్తును ఆపివేసిన క్షణంలో అధిక వోల్టేజి పుడుతుంది. ఆ వోల్టేజి వలన ఇంజను నియంత్రికలోని ట్రాన్సిస్టర్లు దెబ్బతినకుండా చేసే ఏర్పాటును ఫ్లైబ్యాక్ రక్షణ అంటారు. తీగచుట్టలో నిలువ ఉన్న అయస్కాంత శక్తి స్విచ్చి తెరవగానే మాయమైపోదు. అది ఖర్చు కావడానికి ఒక దారి చూపవలసి ఉంటుంది. ఆ దారి మామూలు డయోడు కావచ్చు, జీనర్ డయోడు కావచ్చు, ట్రాన్సిస్టరులోనే ఇమిడి ఉన్న ఏర్పాటు కావచ్చు. ట్రాన్సిస్టరు మన్నిక మాత్రమే కాక, ఇంజెక్టరు ఎంత త్వరగా మూసుకుంటుంది, ఆపమన్నపుడు ఇంజను ఆగుతుందా లేదా అన్న విషయాలు కూడా ఈ ఎంపికపై ఆధారపడి ఉంటాయి.

ఇంజను నియంత్రికను ఈ.సి.యు. అని, ఈ.సి.ఎం. అని కూడా వ్యవహరిస్తారు. కార్లు, మోటారు సైకిళ్ళలోనే కాక డీజిల్ జనరేటర్లలో కూడా ఇటువంటి నియంత్రికలు ఉంటాయి. తెలుగు చలనచిత్ర పరిశ్రమకు కేంద్రమైన హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలలో చిత్రీకరణకు వాడే జనరేటరు వాహనాలు ఇందుకు చక్కని ఉదాహరణ. వాటి వివరాలు ఈ వ్యాసం చివరి భాగంలో ఉన్నాయి.

పేరు

"ఫ్లైబ్యాక్" అనే మాట పిక్చర్ ట్యూబు ఉన్న పాత టెలివిజన్లలో వాడుకలోకి వచ్చింది. వాటిలో ఎలక్ట్రాన్ల పుంజం తెర మీద ఎడమ నుండి కుడికి ఒక గీత గీసి, మరుక్షణం తిరిగి ఎడమ అంచుకు ఎగిరి వచ్చేది. ఈ తిరుగు ప్రయాణాన్ని ఫ్లైబ్యాక్ అనేవారు. ఆ క్షణంలో తీగచుట్టలోని విద్యుత్ ప్రవాహం హఠాత్తుగా మారి అధిక వోల్టేజి పుట్టేది. టెలివిజన్‌లో దానిని పిక్చర్ ట్యూబుకు కావలసిన వేల వోల్టుల తయారీకి ఉపయోగించుకునేవారు. రిలేలలోను, ఇంజెక్టర్లలోను అదే వోల్టేజి అక్కరలేని అతిథి.

రక్షణ కోసం తీగచుట్టకు అడ్డంగా పెట్టే డయోడును ఫ్లైబ్యాక్ డయోడు అని, ఫ్రీవీలింగ్ డయోడు అని పిలుస్తారు. సైకిలు తొక్కడం మానినా ఫ్రీవీలు ఉండడం వలన చక్రం తిరుగుతూనే ఉంటుంది. అదే విధంగా బ్యాటరీ నుండి సరఫరా ఆగినా తీగచుట్టలోని ప్రవాహం ఈ డయోడు గుండా కొంతసేపు తిరుగుతూ ఉంటుంది.

భౌతిక సూత్రం

మైకేల్ ఫారడే 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. 1832లో జోసెఫ్ హెన్రీ ఒకే తీగచుట్టలో ప్రవాహం మారినపుడు అదే చుట్టలో వోల్టేజి పుట్టడాన్ని, అంటే స్వయంప్రేరణను, వివరించాడు. ప్రేరకత్వానికి ప్రమాణమైన హెన్రీ ఆయన పేరు మీదుగా వచ్చింది. ప్రేరిత వోల్టేజి ఎల్లప్పుడూ తన పుట్టుకకు కారణమైన మార్పును ఎదిరిస్తుందన్న నియమాన్ని హైన్రిక్ లెంజ్ 1834లో ప్రతిపాదించాడు.

నీటి గొట్టంతో దీనిని పోల్చవచ్చు. పొడవాటి గొట్టంలో వేగంగా పారుతున్న నీటిని ఒక్కసారిగా వాల్వు మూసి ఆపితే గొట్టం "ధన్" మని అదురుతుంది. కదులుతున్న నీటికి జడత్వం ఉండడమే దీనికి కారణం. తీగచుట్టలో ప్రవాహానికి కూడా అటువంటి జడత్వమే ఉంటుంది. దాని పేరే ప్రేరకత్వం.

పుట్టే వోల్టేజి = ప్రేరకత్వం × (ప్రవాహంలో మార్పు ÷ పట్టిన కాలం)

నిలువ ఉన్న శక్తి = ½ × ప్రేరకత్వం × ప్రవాహం × ప్రవాహం

ఉదాహరణకు ఒక పెట్రోలు ఇంజెక్టరు నిరోధం 14 ఓములు, ప్రేరకత్వం 14 మిల్లీహెన్రీలు అనుకుందాం. ఇంజను నడుస్తున్నపుడు వాహనంలో ఉండే 14 వోల్టుల వద్ద దానిలో 1 ఆంపియరు ప్రవహిస్తుంది. నిలువ ఉన్న శక్తి 7 మిల్లీజౌళ్ళు. ఇది చాలా స్వల్పం. కానీ ట్రాన్సిస్టరు ఈ ప్రవాహాన్ని 1 మైక్రోసెకనులో ఆపగలిగితే, లెక్క ప్రకారం 14,000 వోల్టులు పుట్టాలి. వాస్తవంలో అంత వరకు పోదు. అంతకు ముందే ట్రాన్సిస్టరు తట్టుకోగల పరిమితి దాటిపోయి ప్రవాహం దానిని ఛేదించుకొని పోతుంది. 60 వోల్టులకు తయారైన ట్రాన్సిస్టరుకు ఈ దెబ్బ సెకనుకు పదుల సార్లు తగిలితే అది ఎక్కువ కాలం నిలవకపోవచ్చు.

ఇంజనులో తీగచుట్టలు

ఇంజను నియంత్రికకు కలిపే తీగచుట్టలలో ముఖ్యమైనవి ఇవి:

* ఇంధన ఇంజెక్టర్లు
* ఇంధన పంపు, ఫ్యాను మొదలైన వాటి రిలేలు
* ఐడిల్ వేగాన్ని, టర్బో పీడనాన్ని, పెట్రోలు ఆవిరిని అదుపు చేసే సోలనాయిడ్ వాల్వులు
* డీజిల్ ఇంజనులో ఇంధనాన్ని ఆపే సోలనాయిడ్, గవర్నర్ యాక్చువేటర్
* స్టార్టరు సోలనాయిడ్
* ఇగ్నిషన్ కాయిల్

వీటిలో ఇగ్నిషన్ కాయిల్‌ది ప్రత్యేక స్థానం. మిగిలిన వాటిలో అణచవలసిన అధిక వోల్టేజినే ఇక్కడ కావాలని పుట్టిస్తారు. ప్రాథమిక చుట్టలో ప్రవాహం ఆపగానే అక్కడ కొన్ని వందల వోల్టులు, ద్వితీయ చుట్టలో పదుల వేల వోల్టులు పుట్టి స్పార్క్ ప్లగ్గు వద్ద నిప్పురవ్వ వస్తుంది. కనుక ఇగ్నిషన్ కాయిల్ ప్రాథమిక చుట్టకు అడ్డంగా మామూలు డయోడు పెట్టరాదు. పెడితే నిప్పురవ్వ రాదు, బండి కదలదు. దానిని నడిపే ట్రాన్సిస్టరులో సుమారు 350 నుండి 450 వోల్టుల వద్ద పనిచేసే రక్షణ ఉంటుంది.

పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో ఈ పనిని మెకానిక్కులు "ప్లాటినం" అని పిలిచే కాంటాక్ట్ పాయింట్లు చేసేవి. వాటికి అడ్డంగా ఒక కండెన్సరు ఉండేది. పాయింట్లు తెరుచుకున్నపుడు ప్రవాహం కొంతసేపు కండెన్సరులోకి మళ్ళడం వలన పాయింట్ల మధ్య మంట రాదు. కండెన్సరు చెడిపోతే పాయింట్లు త్వరగా మాడిపోయేవి. నేటి ఫ్లైబ్యాక్ రక్షణకు అది పూర్వరూపం అనవచ్చు.

ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ 1967లో బాష్ కంపెనీ డి-జెట్రానిక్ పద్ధతితో విస్తృత ఉత్పత్తిలోకి వచ్చింది. భారతదేశంలో కాలుష్య ప్రమాణాలు కఠినమైన కొద్దీ ఇది వ్యాపించింది. కార్ల విషయంలో హైదరాబాదు నగరంలో భారత్ స్టేజ్-3 ప్రమాణాలు 2005 ఏప్రిల్ 1 నుండి, స్టేజ్-4 ప్రమాణాలు 2010 ఏప్రిల్ 1 నుండి అమలయ్యాయి. 2020 ఏప్రిల్ 1న దేశమంతటా స్టేజ్-6 అమలులోకి రావడంతో కొత్త మోటారు సైకిళ్ళు, స్కూటర్లు కూడా దాదాపు అన్నీ కార్బురేటరు విడిచి ఇంజెక్టరుకు మారాయి. ఈ విధంగా ఒకప్పుడు ఖరీదైన కార్లకే పరిమితమైన ఈ సమస్య వీధి చివరి మెకానిక్కు వరకు వచ్చింది.

రక్షణ పద్ధతులు

సాధారణంగా తీగచుట్ట ఒక కొన బ్యాటరీ ధన ధ్రువానికి, రెండవ కొన ట్రాన్సిస్టరు ద్వారా ఋణ ధ్రువానికి (ఎర్తుకు) కలిపి ఉంటాయి. ట్రాన్సిస్టరు మూసుకున్నంతసేపు రెండవ కొన వోల్టేజి దాదాపు సున్నా. ట్రాన్సిస్టరు తెరుచుకోగానే అది బ్యాటరీ వోల్టేజిని దాటి పైకి లేస్తుంది. ఆ లేవడాన్ని ఎక్కడ ఆపాలన్నదే అసలు ప్రశ్న.

మామూలు డయోడు: తీగచుట్టకు అడ్డంగా, గీత ఉన్న కొన (కేథోడు) బ్యాటరీ ధన ధ్రువం వైపు ఉండేటట్లు కలుపుతారు. చుట్టలో ప్రవాహం ఉన్నపుడు డయోడు తిరోశక్మంలో ఉండి ఏ పనీ చేయదు. ట్రాన్సిస్టరు తెరుచుకోగానే పురోశక్మంలోకి వచ్చి ప్రవాహానికి దారి ఇస్తుంది. అప్పుడు ట్రాన్సిస్టరు మీద పడేది బ్యాటరీ వోల్టేజి కంటే సుమారు 0.7 వోల్టులు మాత్రమే ఎక్కువ. ఇది చౌక, సులభం, ట్రాన్సిస్టరుకు అత్యంత సురక్షితం. దీనిలో లోపం ఒక్కటే. ప్రవాహం నెమ్మదిగా తగ్గుతుంది.

డయోడు, నిరోధకం: డయోడుకు శ్రేణిలో ఒక నిరోధకం పెడితే ప్రవాహం త్వరగా తగ్గుతుంది. పైన చెప్పిన ఇంజెక్టరుకు 33 ఓముల నిరోధకం పెడితే ట్రాన్సిస్టరు మీద గరిష్ఠ వోల్టేజి 14 + 33 + 0.7, అంటే సుమారు 48 వోల్టులు. ప్రవాహం పెరిగితే ఈ వోల్టేజి కూడా పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

డయోడు, జీనర్: డయోడుకు ఎదురుదిశలో ఒక జీనర్ డయోడును శ్రేణిలో కలిపి, రెండింటినీ తీగచుట్టకు అడ్డంగా పెడతారు. ప్రవాహం ఎంత ఉన్నా వోల్టేజి దాదాపు ఒకే మట్టంలో నిలుస్తుంది.

స్వయం బిగింపు గల ట్రాన్సిస్టరు: మాస్‌ఫెట్ డ్రెయిన్, గేట్‌ల మధ్య జీనర్ల వంటి ఏర్పాటు ఉంటుంది. డ్రెయిన్ వోల్టేజి నిర్ణీత మట్టానికి చేరగానే గేటు కొద్దిగా తెరుచుకొని, మాస్‌ఫెట్ తానే ఆ శక్తిని వేడిగా మారుస్తుంది. కార్ల నియంత్రికలలో ఇంజెక్టర్లను నడపడానికి ఇటువంటివి విరివిగా వాడతారు. ఈ పద్ధతిలో చుట్టలోని శక్తికి తోడు, అదే సమయంలో బ్యాటరీ నుండి వచ్చే శక్తిని కూడా మాస్‌ఫెట్ భరించవలసి ఉంటుంది.

వేగంలో తేడా

పై ఉదాహరణలోని ఇంజెక్టరు ప్రవాహం 0.3 ఆంపియరుకు తగ్గినపుడు మూసుకోవడం మొదలుపెడుతుందని అనుకుందాం. మామూలు డయోడు ఉంటే ప్రవాహం ఆ స్థాయికి రావడానికి సుమారు 1.1 మిల్లీసెకన్లు పడుతుంది. 56 వోల్టుల వద్ద బిగింపు ఉంటే సుమారు 0.2 మిల్లీసెకన్లు చాలు. ప్రవాహంతో పాటు ప్రేరకత్వం కూడా మారుతుంది కనుక నిజమైన ఇంజెక్టరులో ఈ అంకెలు కొంత వేరుగా ఉంటాయి. కానీ తేడా స్వభావం ఇదే.

0.9 మిల్లీసెకను తేడా చిన్నదే అనిపించవచ్చు. అయితే ఇంజను ఐడిల్‌లో ఉన్నపుడు ఇంజెక్టరు తెరుచుకొని ఉండే కాలం 2, 3 మిల్లీసెకన్లు మాత్రమే. దానికి 0.9 కలిస్తే పెట్రోలు మూడవ వంతు లేదా అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. ఇంజను నల్లని పొగ వదులుతుంది, ప్లగ్గులకు మసి పడుతుంది. కనుక రక్షణ పద్ధతిని మార్చిన ప్రతిసారి, ఇంజెక్టరు తెరుచుకోవడానికి, మూసుకోవడానికి పట్టే ఆలస్యానికి నియంత్రికలో ఇచ్చిన సవరణ విలువను కూడా మళ్ళీ సరిచూడవలసి ఉంటుంది.

రిలేలలో మరొక తేడా కనిపిస్తుంది. మామూలు డయోడు ఉన్న రిలే నెమ్మదిగా తెరుచుకుంటుంది. దాని కాంటాక్టుల మధ్య మంట ఎక్కువసేపు నిలిచి, కాలక్రమంలో అవి అతుక్కుపోయే అవకాశం పెరుగుతుంది. అందువలన కొన్ని వాహనాల రిలేలలో డయోడుకు బదులు నిరోధకం పెడతారు.

దీనికి విరుద్ధంగా, సెకనుకు వందల సార్లు తెరిచి మూసే ఐడిల్ వాల్వు వంటి వాటికి మామూలు డయోడే తగినది. అక్కడ ప్రవాహం ఆగకుండా సమంగా సాగడమే కావాలి. ప్రతిసారి శక్తినంతా బిగింపులో కాలిస్తే ట్రాన్సిస్టరు విపరీతంగా వేడెక్కుతుంది. మొదట సుమారు 4 ఆంపియర్లతో తెరిచి, తరువాత 1 ఆంపియరుతో నిలిపి ఉంచే తక్కువ నిరోధపు ఇంజెక్టర్లకు రెండు దారులూ అవసరం. నిలిపి ఉంచే సమయంలో డయోడు దారి, చివరికి మూయవలసినపుడు వేగవంతమైన బిగింపు దారి.

వైరింగు

వైరింగులో గమనించవలసిన అంశాలు:

1. డయోడు దిశ తప్పితే, ట్రాన్సిస్టరు మూసుకోగానే బ్యాటరీ నుండి డయోడు, ట్రాన్సిస్టరుల గుండా నేరుగా షార్టు సర్క్యూట్ అవుతుంది. అంతర్గత డయోడు ఉన్న రిలేలను అమర్చేటపుడు 85, 86 కొనలను తారుమారు చేసినా ఇదే ప్రమాదం. రిలే మీద ముద్రించిన బొమ్మను చూసి కలపాలి.

2. డయోడు కేథోడును, ఆ తీగచుట్టకు సరఫరా ఇచ్చే ఫ్యూజు తరువాతి తీగకే కలపాలి. దానిని నియంత్రిక స్వంత సరఫరాకు కలిపి, ఆ సరఫరా ఫ్యూజు పోయిందనుకుందాం. అప్పుడు ఇంజెక్టర్ల సరఫరా నుండి చుట్టల గుండా, డయోడ్ల గుండా నియంత్రికకు దొంగదారిన విద్యుత్తు చేరుతుంది. తాళంచెవి తిప్పినా నియంత్రిక పూర్తిగా ఆగకపోవడానికి ఇదొక కారణం.

3. డయోడు, తీగచుట్ట, వాటిని కలిపే తీగలు ఒక వలయంగా ఏర్పడతాయి. ఈ వలయం ఎంత చిన్నదైతే అంత మంచిది. ఒక మీటరు తీగకు సుమారు 1 మైక్రోహెన్రీ ప్రేరకత్వం ఉంటుంది. 10 ఆంపియర్లను 1 మైక్రోసెకనులో ఆపితే ఆ మీటరు తీగలోనే 10 వోల్టులు పుడతాయి. పోయే తీగను, వచ్చే తీగను జంటగా మెలివేసి తీసుకుపోవడం వలన ఇది తగ్గుతుంది.

4. తీగచుట్టల ప్రవాహం వెళ్ళే ఎర్తు తీగను, సెన్సార్ల ఎర్తు తీగను వేరుగా ఉంచి, ఒకే బిందువు వద్ద కలపాలి. లేనియెడల ఇంజెక్టరు ఆగిన ప్రతిసారి సెన్సారు కొలతలో తప్పు చోటు చేసుకుంటుంది.

5. బ్యాటరీని తలక్రిందులుగా కలిపితే మాస్‌ఫెట్ లోపలి డయోడు, ఫ్లైబ్యాక్ డయోడు రెండూ పురోశక్మంలోకి వచ్చి షార్టు అవుతాయి. సరైన ఫ్యూజు లేకపోతే తీగలు కాలిపోతాయి.

6. 56 వోల్టుల బిగింపుకు 60 వోల్టుల మాస్‌ఫెట్ చాలదు. జీనర్ విలువ వేడితోను, తయారీలోని తేడాతోను మారుతుంది కనుక 75 నుండి 100 వోల్టులు తట్టుకునేది వాడడం క్షేమం.

నియంత్రిక సరఫరా తీగకు కూడా విడిగా రక్షణ ఉండాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కొన ఊడిపోతే ఆల్టర్నేటరు వోల్టేజి ఒక్కసారిగా పైకి లేస్తుంది. దీనిని లోడ్ డంప్ అంటారు. 12 వోల్టుల వాహనాలకు ఐ.ఎస్.ఓ. 16750-2 ప్రమాణం నిర్దేశించే పరీక్షలో, అణచివేత లేని సందర్భానికి, ఇది 79 నుండి 101 వోల్టుల వరకు ఉంటుంది. ఒక లోడు ఆగినపుడు పక్కనున్న పరికరాల మీద పడే వ్యతిరేక వోల్టేజికి ఐ.ఎస్.ఓ. 7637-2 ప్రమాణంలో వేరే పరీక్ష ఉంది.

పరీక్షించే విధానం

ఫ్లైబ్యాక్ రక్షణ లేకపోయినా ఇంజను మొదటిరోజు చక్కగానే నడవవచ్చు. కనుక "నడుస్తున్నది" అన్నది పరీక్ష కాదు. వరుసగా ఈ పరీక్షలు చేయాలి.

సరఫరా లేకుండా: మల్టీమీటరును డయోడు గుర్తు మీద ఉంచి చూస్తే మంచి సిలికాన్ డయోడు ఒక దిశలో 0.5 నుండి 0.7 వోల్టులు చూపుతుంది, రెండవ దిశలో ఏమీ చూపదు. షాట్కీ డయోడు అయితే 0.2, 0.3 వోల్టులు చూపవచ్చు. అయితే డయోడు తీగచుట్టకు అడ్డంగా ఉండగానే కొలిస్తే చుట్ట నిరోధమే కనిపించి రెండు దిశలలోను దాదాపు సున్నా వస్తుంది. విద్యార్థులు దీనిని చూసి డయోడు షార్టు అయిందని భ్రమపడతారు. ఒక కొన విడదీసి కొలవాలి.

బల్ల మీద: ప్రవాహ పరిమితి గల సరఫరాతోగాని, శ్రేణిలో ఒక వాహనపు బల్బు పెట్టిగాని మొదటిసారి సరఫరా ఇవ్వాలి. షార్టు ఉంటే బల్బు వెలిగి చెబుతుంది. ఆ తరువాత బల్బు తీసివేసి పూర్తి సరఫరాతో పరీక్షించాలి. ఇంజెక్టరులో పెట్రోలు ఉంచి ఈ పరీక్ష చేయరాదు.

ఆసిలోస్కోపుతో: 10:1 లేదా అంతకంటే ఎక్కువ తగ్గింపు గల ప్రోబును ట్రాన్సిస్టరు, చుట్టలు కలిసే బిందువు వద్ద పెట్టాలి. మామూలు మల్టీమీటరు ఈ పనికి పనికిరాదు, అది ఇంత వేగమైన మార్పులను చూడలేదు. చుట్టలో ప్రవాహం ఉన్నపుడు తెర మీద దాదాపు సున్నా కనిపిస్తుంది. ఆపగానే, మామూలు డయోడు ఉంటే రేఖ బ్యాటరీ వోల్టేజి కంటే సుమారు ఒక వోల్టు పైన నిలుస్తుంది. బిగింపు ఉంటే 50, 60 వోల్టుల వద్ద చదునైన శిఖరం కనిపించి, తరువాత బ్యాటరీ వోల్టేజికి దిగుతుంది. శిఖరం చదునుగా కాక సూదిమొనలా ఉంటే రక్షణ పనిచేయడం లేదనిగాని, వలయం మరీ పెద్దదిగా ఉందనిగాని అర్థం. దిగే రేఖలో ఒక చిన్న వంపు కనిపిస్తే అది ఇంజెక్టరు సూది మూసుకున్న క్షణాన్ని తెలుపుతుంది.

ప్రవాహం: 0.1 ఓము నిరోధకాన్ని తీగచుట్టకు శ్రేణిలో కలిపి దాని మీది వోల్టేజిని చూస్తే ప్రవాహం ఎంతసేపటిలో తగ్గుతున్నదో తెలుస్తుంది.

వేడి: పైన చెప్పిన ఇంజెక్టరుకు 56 వోల్టుల బిగింపు ప్రతిసారి సుమారు 8 మిల్లీజౌళ్ళు భరిస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరిగినపుడు ప్రతి ఇంజెక్టరు సెకనుకు 50 సార్లు పనిచేస్తుంది. అంటే ఒక్కొక్క బిగింపులో 0.4 వాట్లు, నాలుగు ఇంజెక్టర్లకు 1.6 వాట్లు వేడిగా మారతాయి. గాలి ఆడని పెట్టెలో ఇది తక్కువేమీ కాదు. కనీసం అరగంట నడిపి ఉష్ణోగ్రత చూడాలి.

హద్దులు: సరఫరాను 9 నుండి 16 వోల్టుల వరకు మార్చి చూడాలి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 14 ఓములున్న రాగి చుట్ట 100 డిగ్రీల వద్ద సుమారు 18 ఓములవుతుంది. కనుక చల్లని చుట్ట, ఎక్కువ సరఫరా కలిసినపుడే ప్రవాహం గరిష్ఠంగా ఉండి రక్షణకు కఠిన పరీక్ష అవుతుంది.

ఇంజను మీద: చివరిగా ఇంజను నడిపి, వేగాన్ని కొలిచే సెన్సారు రేఖలో అక్కరలేని ములుకులు వస్తున్నాయేమో చూడాలి. ఫ్యాను, పంపు మొదలైన రిలేలన్నింటిని ఒకదాని తరువాత ఒకటి వేసి ఆపి గమనించాలి.

చిత్రీకరణ జనరేటర్లలో

తెలుగు ఫిలిం ఛాంబర్ ఆఫ్ కామర్స్, రామానాయుడు స్టూడియోస్ ఉన్న ఫిలింనగర్‌లోను, చుట్టుపక్కల జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ప్రాంతాలలోను స్టూడియోల లోపలే కాక బంగళాలలోను, వీధులలోను చిత్రీకరణ జరుగుతూ ఉంటుంది. శక్తివంతమైన దీపాలకు ఇంటి మీటరు చాలదు కనుక లారీ మీద అమర్చిన డీజిల్ జనరేటరును తెచ్చి, దాని చప్పుడు వినిపించకుండా కొంత దూరంలో నిలిపి, పొడవాటి కేబుళ్ళతో విద్యుత్తు తీసుకుంటారు.

డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదు. అందువలన తాళంచెవి తిప్పినంత మాత్రాన అది ఆగదు, ఇంధనాన్ని ఆపవలసిందే. ఈ పనిచేసే సోలనాయిడ్ రెండు రకాలు. మొదటి రకంలో విద్యుత్తు ఉన్నంతసేపే ఇంజను నడుస్తుంది. రెండవ రకంలో విద్యుత్తు ఇచ్చినపుడు ఇంజను ఆగుతుంది.

ఫ్లైబ్యాక్ దెబ్బకు ట్రాన్సిస్టరు తరచుగా షార్టు అయి పాడవుతుంది, కొన్నిసార్లు తెగిపోయి పాడవుతుంది. మొదటి రకంలో అది తెగిపోతే ఇంజను చిత్రీకరణ మధ్యలో ఆగి దీపాలన్నీ ఆరిపోతాయి. వేడిగా ఉన్నపుడు వెంటనే తిరిగి వెలగని రకపు హెచ్.ఎం.ఐ. దీపాలు చల్లారే వరకు అందరూ వేచి ఉండవలసిందే. షార్టు అయితే అంతకంటే ప్రమాదం. ఆపు బొత్తాం నొక్కినా ఇంజను ఆగదు. రెండవ రకంలో ట్రాన్సిస్టరు తెగిపోయినా ఇదే పరిస్థితి. ఇంజను వేగం హద్దు మీరినపుడు, ఆయిలు పీడనం పడిపోయినపుడు దానిని ఆపవలసిన రక్షణలన్నీ ఈ ఒక్క సోలనాయిడ్ ద్వారానే పనిచేస్తే, అవన్నీ ఒక్కసారిగా నిరర్థకమవుతాయి. అందువలన ఇంధనాన్ని చేతితో ఆపే మీట ఎక్కడ ఉన్నదో జనరేటరు నడిపేవారికి తప్పక తెలిసి ఉండాలి. ఆ మీట లేని ఇంజనులో గాలినిగాని ఇంధనాన్నిగాని ఆపే వేరొక మార్గం ఉండాలి.

మరొక ప్రభావం తెర మీద కనిపించవచ్చు. నాలుగు ధ్రువాల జనరేటరు 50 హెర్ట్జ్ ఇవ్వాలంటే నిమిషానికి 1,500 చుట్లు తిరగాలి. ఎలక్ట్రానిక్ గవర్నరు ఫ్లైవీలు పళ్ళను లెక్కించే అయస్కాంత సెన్సారు ద్వారా వేగాన్ని తెలుసుకుంటుంది. డయోడు లేని రిలే వలన ఆ తీగలో దొంగ ములుకులు చేరితే గవర్నరు వేగాన్ని తప్పుగా అర్థం చేసుకుంటుంది. ఇంజను వేగం, దానితోపాటు ఫ్రీక్వెన్సీ ఊగిసలాడతాయి. సెకనుకు 24 ఫ్రేములు తీసే కెమెరాలో షట్టరు కోణాన్ని 172.8 డిగ్రీలు ఉంచితే ఒక్కొక్క ఫ్రేముకు 1/50 సెకను వెలుగు అందుతుంది. 50 హెర్ట్జ్ వెలుగులో మినుకు రాకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. మామూలు అయస్కాంత బ్యాలస్టు ఉన్న దీపాల విషయంలో ఫ్రీక్వెన్సీ కదిలితే ఈ లెక్క తప్పి బొమ్మ మినుకుమంటుంది. ఎలక్ట్రానిక్ బ్యాలస్టులు ఈ ఇబ్బందిని చాలావరకు తొలగించాయి.

జనరేటర్లకు 2023 జులై 1 నుండి సి.పి.సి.బి. 4 ప్లస్ ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. వీటికి అనుగుణంగా వచ్చిన అనేక కొత్త జనరేటర్లలో పాత పంపు స్థానంలో నియంత్రిక నడిపే ఇంజెక్టర్లు ఉంటాయి. వాటిలో తీగచుట్టల సంఖ్య, వాటిని తెరిచి మూసే వేగం రెండూ పెరిగాయి. పాత జనరేటరుకు రిలేలు, సోలనాయిడ్లు అదనంగా బిగించేటపుడు, లేదా పాడైన వాటిని మార్చేటపుడు, వాటికి ఫ్లైబ్యాక్ రక్షణ ఉన్నదో లేదో చూసుకోవడం అన్నింటికంటే చౌకైన జాగ్రత్త.

ఇవి కూడా చూడండి

* విద్యుదయస్కాంత ప్రేరణ
* డయోడు
* ట్రాన్సిస్టరు
* డీజిల్ ఇంజను
* ఫిలింనగర్